మందు పట్టిన చోటు

(గత సంచిక తరువాయి)

1970ల నడుమ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్య కళాశాలలో కొన్ని చిన్న పెట్టెలను వెలుతురు సోకకుండా మూసి, చలిలో పెట్టి, వారాల తరబడి ముట్టుకోకుండా ఉంచేవారు. లోపల గాజు పలకలు. ఒక్కో పలక మీద ఎలుక మెదడులోంచి ఉల్లిపొరలా కోసిన ఒక ముక్క. ఆ ముక్కలో నల్లమందు జాతికి చెందిన ఒక మందు, లేశమాత్రం. గడువు తీరాక చీకటి గదిలో పెట్టె తెరిచి, ఫొటో కడిగినట్టే పలకను కడిగేవారు. మైక్రోస్కోపు కింద పెడితే నల్లటి చుక్కలు కనిపించేవి. చుక్కలు ఎక్కడ గుంపుగా ఉంటే మందు అక్కడ పట్టిందన్నమాట.

మందు గుణం కనిపిస్తే తెలుగులో 'మందు పట్టింది' అంటాం. ఈ మాట ఎవరు పుట్టించారో గాని, శాస్త్రం చాలా తిరిగి తిరిగి చేరుకున్నది ఆ మాట దగ్గరికే. జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ 1913లో చెప్పింది కూడా ఇదే: దేన్నీ పట్టుకోని మందు పని చేయదు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1905లో, కేంబ్రిడ్జ్‌లో జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ కోడి కాలి కండరం మీద నికోటిన్ ప్రయోగించి చూశాడు. కండరం బిగుసుకుంది. ఆ కండరానికి వెళ్లే నరాన్ని ముందే కోసి, అది పూర్తిగా క్షీణించిపోయాక ప్రయోగించినా బిగుసుకుంది. క్యూరారే అనే విషం ఇస్తే ఆ బిగువు సడలింది. నరం లేకుండానే ఇదంతా జరిగిందంటే, ఆ రెండు పదార్థాలూ పోటీపడి పట్టుకుంటున్నది కండరంలోనే ఉన్న మరేదో పదార్థాన్ని. దాన్నే ఇవాళ రిసెప్టర్ అంటున్నాం. మన పాఠ్యపుస్తకాల్లో గ్రాహకం.

లాంగ్లీ ఆ గ్రాహకాన్ని చూడలేదు. ఆ తర్వాత అరవై ఏళ్లపాటు ఎవరూ చూడలేదు. మందుల శాస్త్రం పుస్తకాల్లో అది ఒక ఊహగానే, ఒక సమీకరణంలో అక్షరంగానే ఉండిపోయింది. ఉందని అందరూ నమ్మారు. ఎక్కడుందని అడిగితే జవాబు లేదు.

జవాబుకు కావలసిన సాధనం మాత్రం వేరే దారిలో తయారవుతూ వచ్చింది. బెకెరెల్ సొరుగులో పెట్టిన ఫొటో పలకను యురేనియం లవణం మసక చేసిన సంగతి (1896) ఈ ధారావాహికలో ముందే చెప్పుకున్నాం. రేడియోధార్మిక పదార్థం తన బొమ్మను తానే గీసుకుంటుంది. 1924లో పారిస్‌లో ఆంట్వాన్ లకసాన్ దాన్ని జీవకణజాలం మీదికి తెచ్చాడు. జంతువులకు పొలోనియం ఎక్కించి, అవయవాల ముక్కలను ఫొటో పలకలకు ఆనించి, ఏ అవయవంలో ఎక్కడ చేరిందో చూశాడు.

ఆయన దగ్గర పనిచేసిన యువకుడు షార్ల్ లబ్లోన్ కథ విని తీరాలి. థైరాయిడ్ గ్రంథిలో అయోడిన్ ఎక్కడ చేరుతుందో చూడాలని అతని పట్టుదల. పారిస్‌లో దొరికిన రేడియో అయోడిన్‌లో ప్రతి పాతిక నిమిషాలకు సగం కరిగిపోయేది. గ్రంథిని తీసి, కోసి, పలకకు ఆనించేసరికి అందులో కిరణం మిగిలేది కాదు. పలక ఖాళీగా వచ్చింది. లబ్లోన్ వదలలేదు. కెనడా చేరి, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఎనిమిది రోజులకు సగమయ్యే అయోడిన్ దొరికాక అనుకున్నది సాధించాడు. 1946లో సహచరుడు బెలాంజేతో కలిసి ఇంకో అడుగు వేశాడు. ఫొటో పలక మీది ఎమల్షన్‌ను, అంటే వెండి లవణం కలిపిన జెలటిన్ పూతను, వేడిచేసి కరిగించి, కణజాలం ముక్క మీద కుంచెతో నేరుగా పూశాడు. ముక్కకూ ఫొటోకూ మధ్య సందు లేకుండా పోయింది. రేడియోధార్మిక పదార్థం చేత ఇలా తన బొమ్మను తానే గీయించడాన్ని ఆటోరేడియోగ్రఫీ అంటారు. కిరణం తగిలిన వెండి రేణువు, కడిగినప్పుడు నల్లబడుతుంది. మన ఊళ్లలో స్టూడియో వాళ్లు ఎర్ర బల్బు వెలుగులో ఫొటోలు కడిగిన రోజులు గుర్తున్నవారికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

సాధనం ఒకవైపు, ప్రశ్న ఒకవైపు సిద్ధంగా ఉన్నాయి. రెండింటినీ కలపడానికి 1970లు రావలసి వచ్చింది. కారణం, మందు నిలవదు. అయోడిన్ థైరాయిడ్‌లో ప్రొటీన్‌తో రసాయనికంగా ముడిపడిపోతుంది, కడిగినా పోదు. మార్ఫిన్ వంటి మందు గ్రాహకాన్ని అంత గట్టిగా పట్టుకోదు. పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. కణజాలాన్ని పరీక్షించే మామూలు పద్ధతిలో ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టాలి, ఆల్కహాల్‌లో ముంచాలి, మైనంలో పోతపోయాలి. ఈలోగా మందు తడిగుడ్డ మీద సిరాచుక్కలా పాకిపోతుంది. ఆఖరున ఫొటోలో కనబడేది మందు పట్టిన చోటు కాదు, కొట్టుకుపోయి ఆగిన చోటు. ఇక్కడి నుంచి ఈ కథంతా ఒకే పట్టుదల: మందును ఉన్నచోటు నుంచి కదలనివ్వకుండా బొమ్మ తీయడం.

ముందు అసలు గ్రాహకం ఉందని రుజువు కావాలి కదా. ఆ పని నల్లమందుతో జరిగింది. 1971లో స్టాన్‌ఫర్డ్‌లో అవ్రమ్ గోల్డ్‌స్టైన్ ఒక చక్కని దారి చూపాడు. ఈ జాతి మందుల్లో కొన్నింటికి అద్దంలో ప్రతిబింబం లాంటి జోడీ ఉంటుంది. లెవార్ఫనాల్ నొప్పి తగ్గిస్తుంది. దాని ప్రతిబింబమైన డెక్స్‌ట్రార్ఫాన్‌కు ఆ గుణం లేదు. కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టనట్టే నిజమైన గ్రాహకం మొదటిదాన్నే పట్టుకోవాలి. చిట్టెలుక మెదడును రుబ్బి, రేడియోధార్మిక గుర్తున్న లెవార్ఫనాల్ కలిపి చూస్తే, అంటుకున్న మందులో దాదాపు రెండు శాతమే ఆ పరీక్షకు నిలబడింది. మిగతాదంతా ఎక్కడ పడితే అక్కడ అతుక్కున్నదే. ఆయన వాడిన మందులో రేడియోధార్మికత చాలడం లేదు. గుర్తు బలంగా లేనప్పుడు మందు ఎక్కువ వాడాలి. ఎక్కువ వాడితే చెత్త ఎక్కువ అంటుకుంటుంది.

జాన్స్ హాప్‌కిన్స్‌లో సాలమన్ స్నైడర్ దగ్గర కాండేస్ పెర్ట్ అనే పరిశోధక విద్యార్థిని ఉండేది. 1970లో గుర్రం మీది నుంచి పడి నడుము దగ్గర ఎముక విరగ్గొట్టుకుని, ఆసుపత్రిలో మార్ఫిన్ హాయి ఎలాంటిదో స్వయంగా ఎరిగిన మనిషి. ఆమె మొదటి ప్రయత్నాలు విఫలమయ్యాయి. అప్పుడు మందును వదిలి, దాని విరుగుడును పట్టుకుంది. నాలొక్సోన్ అనే ఆ విరుగుడు మార్ఫిన్ చోటునే ఆక్రమిస్తుంది గాని మార్ఫిన్ చేసే పని చేయదు. దానికి ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ గట్టిగా ఎక్కించి, 1972 అక్టోబరులో ఎలుక మెదడు రుబ్బులో కలిపింది. వడపోత కాగితం మీద పోసి, పీల్చి, మంచుచల్లని ద్రవంతో క్షణాల్లో కడిగింది. చల్లన ఎందుకంటే చలిలో పట్టు త్వరగా సడలదు. క్షణాల్లో ఎందుకంటే అంటీముట్టనట్టు ఉన్నది పోవాలి, నిజంగా పట్టుకున్నది మిగలాలి. అది మిగిలింది. 1973 మార్చిలో 'సైన్స్' పత్రికలో ఆ ఫలితం వచ్చింది. అదే ఏడాది న్యూయార్క్‌లో ఎరిక్ సైమన్, స్వీడన్‌లోని ఉప్సలాలో లార్స్ టెరీనియస్ వేర్వేరుగా ఇదే నిజాన్ని తేల్చారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1978లో ఈ రంగానికి, వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ బహుమతి వచ్చినప్పుడు, మన దేహమే తయారుచేసుకునే నల్లమందు లాంటి పదార్థాలను 1975లో ఆబర్డీన్‌లో కనిపెట్టిన హ్యూస్, కోస్టర్‌లిట్జ్‌లకూ, స్నైడర్‌కూ ఇచ్చారు. పెర్ట్‌కు ఇవ్వలేదు. ఆమె బాహాటంగానే నిరసన తెలిపింది. మొదటి వ్యాసంలో మొదటి పేరు ఆమెది. ఆమెకు జరిగింది అన్యాయమనే నా అభిప్రాయం.

రుబ్బుడు పద్ధతికి ఒక పరిమితి ఉంది. దోసెల పిండిలో మినప్పప్పు పాళ్లెంతో చెప్పవచ్చు. ఏ గింజ ఏ మూల ఉండేదో చెప్పలేం. జాన్స్ హాప్‌కిన్స్‌లోనే పనిచేసే మైకేల్ కుహార్, పెర్ట్, స్నైడర్ కోతుల, చనిపోయిన మనుషుల మెదళ్లను చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కో భాగాన్ని విడిగా రుబ్బి, 1973లోనే స్థూలమైన పటం తీశారు. అమిగ్డలాలో ఎక్కువ, థాలమస్ లోపలి భాగంలో ఎక్కువ, చిన్నమెదడులో తక్కువ. చాకుతో విడదీయగలిగినంత వరకే ఆ పటం. మెదడులో ముఖ్యమైన కేంద్రాలు చాలావరకు ఆవగింజంత కూడా ఉండవు.

కదలకుండా బొమ్మ తీసే కిటుకును అప్పటికే ఒకాయన సాధించి ఉన్నాడు. వాల్టర్ స్టంఫ్ 1960లలో షికాగోలో లాయిడ్ రాత్‌తో కలిసి, కణజాలాన్ని ద్రవాలేవీ తాకనివ్వకుండా గడ్డకట్టించి కోసి, ఆ గడ్డ స్థితిలోనే తేమ లాగేసి, పొడి ముక్కను పొడి ఎమల్షన్ మీద అదిమాడు. నీరే లేనప్పుడు మందు ఎందులో ఈదుతుంది? ఆ దారిలో ఈస్ట్రడయోల్ అనే స్త్రీ హార్మోన్ ఎలుక మెదడులో ఏ కణాల్లో చేరుతుందో చూపించాడు. మెదడు కూడా హార్మోన్ మాట వినే అవయవమేనని కళ్లకు కట్టినట్టు చూపిన పని అది.

కుహార్ బృందం కూడా గడ్డకట్టించే దారినే పట్టింది. బతికున్న ఎలుక రక్తనాళంలోకి డిప్రెనార్ఫిన్ అనే మందును ట్రిటియం తగిలించి ఎక్కించారు. దీన్నే ఎంచుకోవడానికి కారణం దాని పట్టు: గ్రాహకాన్ని పట్టుకుంటే తొందరగా వదలదు, అందుకని చాలా కొద్దిగా ఇచ్చినా చాలు. తర్వాత మెదడు తీసి గడ్డకట్టించారు. ఎముకలు కొరికే చలి ఉన్న క్రయోస్టాట్ యంత్రంలో, చీకట్లో, పల్చగా కోసి, ముందే ఎమల్షన్ పూసి ఆరబెట్టిన పలకల మీదికి తీసుకున్నారు. ఇంకో ఎలుకకు రేడియోధార్మికత లేని మందును ముందే దండిగా ఇచ్చి ఉంచారు. దాని గ్రాహకాలన్నీ నిండిపోతాయి కనుక అందులో చుక్కలు రాకూడదు. రాలేదు. 1975లో, 1976లో పెర్ట్, కుహార్, స్నైడర్ పేర్ల మీద ఆ బొమ్మలు అచ్చయ్యాయి.

ఈ దారిలో తీసిన బొమ్మలను చూస్తుంటే నల్లమందు గురించి వైద్యులకు తరతరాలుగా తెలిసిన లక్షణాలు ఒక్కొక్కటే తమ ఇంటి చిరునామా చెబుతున్నట్టు ఉంటుంది. వెన్నుపాము వెనుక భాగంలో ఒక సన్నని పట్టీ నిండా చుక్కలు. కాలికి ముల్లు గుచ్చుకున్న వార్త మెదడుకు పోయేముందు మజిలీ చేసే చోటు అది. మధ్యమెదడులో సన్నని కాలువ చుట్టూ ఉన్న బూడిదరంగు పదార్థంలో చుక్కలు. ఆ చోట కరెంటు తగిలిస్తే ఎలుక నొప్పి ఎరగకుండా శస్త్రచికిత్సను భరిస్తుందని రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త 1969లోనే చూపాడు. థాలమస్ లోపలివైపు దట్టంగా, బయటివైపు పలుచగా. సూది గుచ్చినట్టు చురుక్కుమనే నొప్పి బయటి దారిన పోతుంది. సలుపుతూ ఉండిపోయే నొప్పి లోపలి దారిన పోతుంది. మార్ఫిన్ మొదటిదాని కంటే రెండోదాన్ని బాగా తగ్గిస్తుందని ఏ డాక్టరైనా చెబుతాడు.

దగ్గును నడిపే కేంద్రం దగ్గర చుక్కలు: దగ్గు మందుల్లో కోడీన్ ఎందుకు కలిపేవారో తెలిసింది. వాంతి పుట్టించే ఏరియా పోస్ట్రెమాలో చుక్కలు: మార్ఫిన్ ఇచ్చిన కొందరికి కడుపులో తిప్పడం ఎందుకో తెలిసింది. కంటిపాపను కుదించే నరాల దారిలో చుక్కలు: ఈ మందు మితిమీరిన మనిషి కంటిపాప గుండుసూది తల అంత అయిపోయేది ఇందుకే. ఉద్వేగాలకు నెలవైన అమిగ్డలాలోనూ దట్టంగానే. మార్ఫిన్ తీసుకున్న రోగులు నొప్పి ఉంది గాని బాధ పెట్టడం లేదని అంటుంటారు. ఆ వింత మాటకు ఇక్కడ ఒక ఆధారం దొరికింది. అన్నిటికంటే ముఖ్యం మెదడు కాండం. శ్వాసను నడిపే కేంద్రాలున్నది అక్కడ. అక్కడా చుక్కలే. మోతాదు మించితే మనిషి ఊపిరాగి పోతాడు. ఊపిరాగుతున్నవాడికి ఇచ్చే విరుగుడు ఆ నాలొక్సోనే. ఏ మందుతో పెర్ట్ గ్రాహకం జాడ కనిపెట్టిందో, అదే మందు ఇవాళ ప్రాణాలు నిలబెడుతోంది.

చుక్కలున్నంత మాత్రాన ఆ చోటు ఆ పని చేస్తున్నట్టు రుజువు కాదని ఒప్పుకోవాలి. చిరునామా దొరికింది, తలుపు కొట్టి చూడటం వేరే పని. ఆ పని తర్వాతి వాళ్లు చేశారు.

బతికున్న జంతువుకు ఎక్కించే పద్ధతికి హద్దులున్నాయి. మందు రక్తంలోంచి మెదడులోకి దాటగలగాలి. దారిలో కాలేయం దాన్ని ముక్కలు చేయకూడదు. ఒక జంతువులో ఒక మందునే చూడగలం. మనిషి మెదడును చూడనే లేం. 1979లో స్కాట్ యంగ్, కుహార్ ఈ వరసను తిరగేశారు. ముందు మెదడు గడ్డకట్టించి ముక్కలు కోసి పలక మీద అతికించారు. ఆ తర్వాత ఆ పలకనే ట్రిటియం మందు కలిపిన ద్రవంలో ముంచారు. అంటే జంతువు పని పూర్తయ్యాక మందు పని మొదలైంది.

చెప్పడానికి ఇంత సులువు. చేయడానికి చాలా ఓపిక కావాలి. ఎంతసేపు ముంచాలి, ఎంతసేపు చల్లని ద్రవంలో కడగాలి? తక్కువ కడిగితే చెత్త మిగులుతుంది, ఎక్కువ కడిగితే అసలు మందే పోతుంది. దీన్ని తేల్చడానికి కొన్ని ముక్కలను పలక మీది నుంచి తుడిచేసి రేడియోధార్మికతను యంత్రంలో లెక్కించి, ఏ నిమిషం దగ్గర అసలుకూ చెత్తకూ తేడా ఎక్కువగా ఉందో చూశారు. ఆ పైన ముక్కను చల్లని పొడిగాలి పట్టి ఆరబెట్టారు. కరిగించిన ఎమల్షన్‌ను మీద పూస్తే మందు మళ్లీ చెదురుతుంది. అందుకని వంగే పల్చని గాజు మూత మీద ఎమల్షన్ పూసి ఎండబెట్టి, ఒక కొసను పలకకు జిగురుతో అతికించి, క్లిప్పులతో బిగించి చీకట్లో దాచారు. గడువు తీరాక మూతను కొద్దిగా పైకి వంచి, మధ్యలో అడ్డు పెట్టి, ఎమల్షన్ కడిగి, కింది ముక్కకు రంగు పట్టించి, మూతను తిరిగి దించారు. చుక్కకూ దాని కింది కణానికీ మధ్య వెంట్రుకవాసి జరుగుబాటు లేదు. నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. యంత్రం కొనుక్కుని చేసినది కాదు, చేతి నేర్పుతో చేసినది.

దీంతో తలుపులు తెరుచుకున్నాయి. ఒకే మెదడులోంచి పక్కపక్క ముక్కలను వేర్వేరు మందుల్లో ముంచి పోల్చవచ్చు. మరణించిన మనుషుల మెదళ్లనూ చూడవచ్చు. పార్కిన్సన్స్‌తోనో, మతిమరుపు జబ్బుతోనో పోయినవారి మెదడులో ఏ గ్రాహకం తగ్గిందో లెక్కించవచ్చు.

లెక్కించడానికి ఫిల్ము కావలసి వచ్చింది. ట్రిటియం విసిరే ఎలక్ట్రాన్ ఎంత బలహీనమంటే, కణజాలంలో కొన్ని మైక్రాన్లు మించి పోలేదు. బొమ్మ అంత స్పష్టంగా రావడానికి కారణం ఆ బలహీనతే. మామూలు ఎక్స్‌రే ఫిల్ము మీద గీతలు పడకుండా వేసే పల్చని పూతను కూడా దాటలేకపోవడానికీ అదే కారణం. ఆ పూత లేని ప్రత్యేక ఫిల్ము వచ్చాక, 1981లో పలాసియోస్, నీహాఫ్, కుహార్ ఒక దారిన, పెన్నీ బృందం మరో దారిన, ఫిల్ము నలుపును కొలిచి గ్రాహకాల లెక్క చెప్పడం మొదలుపెట్టారు. ఇందులోనూ ఒక మోసం బయటపడింది. కొవ్వు ఎక్కువున్న తెల్ల పదార్థం ట్రిటియం ఎలక్ట్రాన్లను ఎక్కువగా మింగేస్తుంది. అక్కడ గ్రాహకాలు ఉన్నా తక్కువున్నట్టు కనబడతాయి. అరవై రోజుల అర్ధాయువున్న అయోడిన్-125 తగిలించిన మందులతో ఆ ఇబ్బంది చాలావరకు తీరింది, వారాల ఎదురుచూపు రోజులకు తగ్గింది.

నలుపు కొలిచే కంప్యూటర్ పని వెనుక ఇంకో మనిషి ఉన్నాడు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో లూయీ సోకొలాఫ్ మెదడు ఎంత చక్కెర వాడుతుందో ఆటోరేడియోగ్రఫీతోనే చూపేవాడు. ఆ బొమ్మలను కంప్యూటర్‌తో కొలిచి రంగులద్దే పనిలో 1980లో వేన్ రాస్‌బాండ్ పాలుపంచుకున్నాడు. 1997లో ఆయన రాసి ఉచితంగా విడుదల చేసిన ఇమేజ్‌జే ప్రోగ్రామును ఇవాళ ప్రపంచమంతటా జీవశాస్త్ర విద్యార్థులు వాడుతున్నారు. ఈ వ్యాసం చదివే మన విద్యార్థుల్లోనూ వాడేవారు ఉండే ఉంటారు.

1990లో ఇదే పద్ధతి గంజాయి విషయంలో ఒక పాత ప్రశ్నకు జవాబిచ్చింది. మైల్స్ హెర్కెన్‌హామ్ బృందం గంజాయి గ్రాహకాలను పలు జాతుల మెదళ్లలో, మనిషి మెదడులో కూడా, గుర్తించింది. జ్ఞాపకాన్నీ కదలికనూ నడిపే చోట్ల అవి కిక్కిరిసి ఉన్నాయి. శ్వాసనూ గుండెనూ నడిపే మెదడు కాండం దిగువ భాగంలో చాలా తక్కువ. నల్లమందు మోతాదు మించితే ఊపిరి ఆగుతుంది, గంజాయి మోతాదు మించితే అలా ఆగదు. తేడా ఎక్కడుందో ఆ రెండు ఫిల్ములను పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. దీన్ని బట్టి గంజాయి హానిలేనిదని అనుకోకండి. జ్ఞాపకం ఉండే చోట దట్టంగా ఉండటం చిన్న సంగతి కాదు.

1992, 93లలో నల్లమందు గ్రాహకాల జన్యువులు దొరికాక యాంటీబాడీలతో, ఆర్‌ఎన్‌ఏను గుర్తించే పద్ధతులతో కొత్త బొమ్మలు వచ్చాయి. అవి గ్రాహకం ఎక్కడ తయారవుతుందో, ఏ కణం పొరలో ఉందో ఇంకా సూక్ష్మంగా చూపుతాయి. కాని ఆర్‌ఎన్‌ఏ ఉన్న కణం ఒకచోట, దాని తీగ చివర గ్రాహకం ఇంకోచోట ఉండవచ్చు. మందు నిజంగా ఎక్కడ పడుతుందని అడిగితే, మందునే గుర్తుగా వాడిన ఈ పాత పద్ధతి ఇప్పటికీ సూటిగా జవాబు చెబుతుంది. కొత్త మందులు తయారుచేసేవారు అందుకే దీన్ని వదల్లేదు.

ఈ పటాలన్నీ ఊపిరి ఆగిన మెదళ్లవి. 1983 మే నెలలో అదే జాన్స్ హాప్‌కిన్స్‌లో హెన్రీ వాగ్నర్ అనే వైద్యుడు, డోపమిన్ గ్రాహకాలను పట్టుకునే మందుకు రేడియోధార్మిక కార్బన్-11 తగిలించి తన ఒంట్లోకే ఎక్కించుకుని, తన తలను స్కానర్‌లో పెట్టాడు. బతికి ఉన్న, మాట్లాడుతున్న మనిషి మెదడులో మందు పట్టిన చోటు అప్పుడు మొదటిసారి తెర మీద కనిపించింది. ఆ కథ వచ్చే సంచికలో.

(సశేషం)